బండి మంచిదే, కొనండని మాత్రం చెప్పలేను

ముందే చెప్పేస్తున్నాను, నా కారు ఏ కంపెనీదో ఇక్కడ రాయను. పేరు రాస్తే సగం మంది దాన్ని వెనకేసుకొస్తారు, సగం మంది తిడతారు, నేను రాసింది ఎవరికీ అక్కరలేకుండా పోతుంది. ఎలక్ట్రిక్ కారు. 2021 దసరాకి తీసుకున్నాను. నిన్నటికి మీటరు మీద 58,340 కిలోమీటర్లు. ఇల్లు వైజాగ్ మధురవాడలో, నా చిన్న మెషిన్ షాపు ఆటోనగర్‌లో. హనుమంతవాక, మద్దిలపాలెం, ఎన్ఏడీ, షీలానగర్ మీదుగా రోజూ పోనూ రానూ యాభై పైచిలుకు. సెలవులకి భీమిలి, అరకు, అన్నవరం. ఒకసారి రాజమండ్రి. బండి గుణం తెలియడానికి నాలుగేళ్లు చాలు.

ముందు డబ్బు సంగతి. పాత పెట్రోలు కారు సిటీలో లీటరుకి పద్నాలుగు ఇచ్చేది. లీటరు 108 దాటాక వంద కిలోమీటర్లకి 770 రూపాయలు అయ్యేవి. ఇది వంద కిలోమీటర్లకి పదహారు యూనిట్లు లాగుతుంది, యూనిట్‌కి ఏడు రూపాయలు వేసుకున్నా 112. ఇంజన్ ఆయిలు లేదు, క్లచ్ ప్లేట్లు లేవు. బ్రేక్ ప్యాడ్లు ఇప్పటికీ షోరూములో వచ్చినవే. యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే మోటారే బండిని నెమ్మది చేసి, ఆ ఊపుని కరెంటుగా మార్చి బ్యాటరీలోకి పంపుతుంది కాబట్టి బ్రేకుకి పెద్ద పనుండదు. టైర్లు మాత్రం 38 వేలకే అరిగిపోయాయి. బ్యాటరీ బరువూ, సిగ్నల్ దగ్గర అది ఎగిరే దూకుడూ రెండూ వాటి మీదే పడతాయి. టైర్ల ఖర్చు గురించి షోరూములో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

రేంజ్, అంటే ఒక్క చార్జింగుతో నడిచే దూరం, కంపెనీ చెప్పినదాంట్లో మూడింట రెండు వంతులు వస్తుంది. అదీ మే నెలలో ఏసీ వేసుకుని, ఎన్ఏడీ ట్రాఫిక్‌లో కూర్చుంటే ఇంకొంచెం తగ్గుతుంది. నాకు సరిపోతుంది, రెండు రోజులకోసారి రాత్రి చార్జింగ్ పెడతాను. అపార్ట్‌మెంట్ పార్కింగులో పాయింటు పెట్టించుకోవడానికి అసోసియేషన్‌తో మూడు మీటింగులు పట్టింది. సెల్లారులో కాలిపోతుందేమో, మా కరెంటు నువ్వు వాడేస్తావేమో అన్నారు. చివరికి నా ఫ్లాటు మీటరు నుంచే విడిగా వైరు లాగించుకున్నాను. ఆ రోజు అందరికంటే గట్టిగా అడ్డుపడిన ఆయన పార్కింగులో ఇప్పుడు ఇలాంటి బండే ఉంది. అది కొనిపించింది నేనే, ఆ సంగతికి మళ్లీ వస్తాను.

అరకు ఘాటు దీని అసలు పరీక్ష. నూరు శాతంతో బయల్దేరి ఎస్.కోట దాటేసరికి 81. అక్కణ్ణుంచి అనంతగిరి మలుపులు ఎక్కుతుంటే శాతం కళ్ల ముందే కరిగిపోతుంది, మా ఆవిడ రోడ్డు మానేసి స్క్రీనే చూస్తూ కూర్చుంది. అరకు చేరేసరికి 48. మొదటిసారి నాకూ టెన్షనే. తిరిగొచ్చేటప్పుడు సంగతి వేరు: ఘాటు మొదట్లో ఉన్నదానికంటే ఎస్.కోటలో దిగాక మూడు శాతం ఎక్కువుంది. కొండ దిగితే చమురు పెరిగే బండి మా నాన్న బతికుంటే నమ్మేవాడు కాదు.

వైజాగ్ వాళ్లకి మాత్రమే పనికొచ్చే మాట ఒకటి. ఉప్పుగాలి. బీచ్ రోడ్డు వైపు ఎక్కువ తిరిగితే వైపరు బోల్టులు, చార్జింగ్ మూత స్ప్రింగు, కింద బ్రాకెట్లు తుప్పు పడతాయి. ఇనుముతో బతికేవాణ్ణి కాబట్టి నాకిది కొత్త కాదు. నెలకోసారి అండర్‌బాడీ మంచినీళ్లతో కడిగించండి. పోర్టు వైపు వెళ్లేవాళ్లు ఏసీ ఫిల్టరు ఆర్నెల్లకే మార్చేయండి, బొగ్గు ధూళితో నల్లగా అయిపోతుంది.

రెండేళ్ల కిందట రాసుంటే ఇక్కడితో ముగించి, పదికి ఎనిమిదిన్నర వేసి ఊరుకునేవాణ్ణి. అప్పట్లో నేను ఆ కంపెనీకి జీతం లేని సేల్స్‌మన్‌ని. మా అపార్ట్‌మెంటులో రెండు, ఆటోనగర్‌లో ఒకటి, మా పిన్ని కొడుక్కి ఒకటి, మొత్తం నాలుగు బండ్లు నా మాట మీద అమ్ముడయ్యాయి. ఆ కంపెనీ పెద్దాయన అంటే కూడా గౌరవంగానే ఉండేది. స్టేజి మీద బాగా మాట్లాడేవాడు.

ఆయన ఫోన్‌లో రాయడం మొదలుపెట్టాక చెడింది. వానలో బండి ఆగిపోయి, చిన్న పిల్లతో రోడ్డు మీద నిలబడ్డ ఒకావిడ వీడియో పెట్టింది. ముందు డ్రైవింగ్ నేర్చుకోమని ఆవిడకి లక్షల మంది ముందు ఈయన జవాబిచ్చాడు. తర్వాత ఒక విలేకరిని అమ్ముడుపోయాడన్నాడు. తర్వాత తన దగ్గర మానేసిన ఉద్యోగుల్ని సోమరులన్నాడు. కొన్నాళ్లకి రాజకీయాలు, కులం, ఎవరు ఏం తినాలి, అన్నీ ఆయనకే కావాలి. ప్రతిసారీ కింద చప్పట్లు కొట్టేవాళ్లు వేలల్లో ఉంటారు. నేను పళ్లు కొరుక్కుని, మనకెందుకులే, మనం కొన్నది బండిని, ఆయన్ని కాదుగా అనుకునేవాణ్ణి.

మా బావమరిది అమెరికాలో, ఫ్రీమాంట్‌లో ఉంటాడు. వాడిది టెస్లా, 2019లో కొన్నాడు. పోయినేడు ఉగాదికి వీడియో కాల్‌లో కారు వెనక అంటించిన స్టిక్కరు చూపించాడు. టెస్లా పెద్దాయన ఎలాన్ మస్క్‌కి పిచ్చెక్కక ముందు కొన్నదని దాని అర్థం. అక్కడ చాలామంది అంటించుకున్నారట. 2025 జనవరి 20న ట్రంప్ ప్రమాణస్వీకారం నాడు మస్క్ వేదిక మీద చెయ్యి చాచిన తీరు మీద పెద్ద రభస జరిగింది, ఆ తర్వాత ప్రభుత్వ ఖర్చు తగ్గించే డోజ్ అనే విభాగం పేరుతో ప్రభుత్వ ఉద్యోగాల కోత, షోరూముల ముందు నిరసనలు. 2025 మొదటి మూడు నెలల్లో టెస్లా ఇచ్చిన బండ్లు 3,36,681, అంతకు ముందు ఏడాది అవే నెలలతో పోలిస్తే 13 శాతం తక్కువ. అదంతా ఒక మనిషి నోటి వల్లేనని అనలేం. మోడల్ వై కొత్త రూపానికి మారుతూ ఫ్యాక్టరీలు కొన్ని వారాలు ఆగాయి, చైనా కంపెనీల పోటీ కూడా ఉంది.

"అమ్మేస్తావా మరి?" అని అడిగాను.

"అమ్మితే సగం కూడా రాదు బావా. స్టిక్కరైతే అయిదు డాలర్లు" అన్నాడు.

నవ్వాను గానీ వదల్లేదు. థాయ్‌లాండ్ గుహలో చిక్కిన పిల్లల కోసం వెళ్లిన గుహల నిపుణుణ్ణి మస్క్ నోటికి రాని మాట అన్నది 2018లో కదరా, నువ్వు కొన్నది ఆ మరుసటేడు కదా అన్నాను. వాడు కాసేపు మాట్లాడలేదు. "అప్పుడు తిట్టింది నన్ను కాదు కదా బావా" అన్నాడు.

ఆ మాట నాకూ తగిలింది. వానలో నిలబడ్డ ఆవిడ కూడా నేను కాదు.

నా వంతు 2024 వేసవిలో వచ్చింది. తిరుపతి వెళ్తూ బండిని స్టేషన్ పార్కింగులో పెట్టాం. నాలుగో రోజు తెల్లవారుజామున వచ్చి చూస్తే తలుపు కూడా తెరుచుకోలేదు. పెద్ద బ్యాటరీలో 60 శాతం ఉంది, చచ్చింది చిన్నది. తెలియనివాళ్ల కోసం: ఎలక్ట్రిక్ కారులో కూడా మామూలు కారుకి ఉండే పన్నెండు వోల్టుల బ్యాటరీ ఒకటి ఉంటుంది. లాకులు, కంప్యూటరు దాంతోనే లేస్తాయి. అది పోతే పెద్ద బ్యాటరీ ఎంత నిండుగా ఉన్నా బండి బండరాయే. హెల్ప్‌లైన్ రెండున్నర గంటలు తిప్పింది. చివరికి స్టేషన్ బయట ఆటో అతను కేబుల్ తగిలించి లేపాడు, యాభై రూపాయలు తీసుకున్నాడు.

అది పోనీ, బ్యాటరీ అన్నాక పోతుంది. తర్వాతి నెల రాత్రికి రాత్రి ఒక అప్‌డేట్ వచ్చింది. మర్నాటి నుంచి ఫాస్ట్ చార్జర్ దగ్గర యాభై నిమిషాల పని గంటా ఇరవై పడుతోంది. బ్యాటరీ ఆయుష్షు కోసమే చేశారేమో, చెబితే ఒప్పుకునేవాణ్ణి. ఎవరూ చెప్పలేదు. అడిగిన కస్టమర్లకి పెద్దాయనే స్వయంగా జవాబిచ్చాడు, ఓపిక లేనివాళ్లు పెట్రోలు బంకుకి వెళ్లండని.

అప్పుడే మా నాన్న ప్రీమియర్ పద్మిని కారు గుర్తొచ్చింది. నాన్న షిప్‌యార్డులో ఫిట్టరు. సింధియాలో ఉండేవాళ్లం. సింధియా అనే ఓడల కంపెనీ పేరే మా పేటకి మిగిలింది కదా. 1941లో ఇక్కడ షిప్‌యార్డుకి పునాది వేయించిన వాల్‌చంద్ హీరాచందే ప్రీమియర్ కార్ల కంపెనీ కూడా పెట్టాడు. నాన్న ఉద్యోగంలో చేరేనాటికి సేఠ్ పోయి ఏళ్లయింది, యార్డు ప్రభుత్వానిది అయిపోయింది. అయినా సెకండ్ హ్యాండ్ కారు కొనాల్సి వచ్చినప్పుడు అంబాసిడర్ చవగ్గా దొరుకుతున్నా వద్దని, "సేఠ్ గారి కారు" అంటూ పద్మినే తెచ్చాడు. తెల్లవాడి కాలంలో మన ఊళ్లో ఓడ కట్టిస్తానన్న మనిషి మీద గౌరవం అది. పెద్దాయన గుణం చూసి బండి కొనడం మా ఇంట్లో అప్పటి నుంచే ఉంది. రతన్ టాటా 2024 అక్టోబరులో పోయినప్పుడు, ఆయన్ని ఎన్నడూ చూడనివాళ్లు కూడా తమ కార్ల ఫొటోలు పెట్టుకుని బాధపడ్డారు. మంచితనానికి బండి కొంటే తెలివి, దురుసుతనానికి మానేస్తే చాదస్తమా?

కానీ పద్మినికీ దీనికీ ఒక తేడా ఉంది. పద్మిని ఒకసారి ఇంటికొచ్చాక మాదే. సేఠ్ మంచివాడైనా చెడ్డవాడైనా అల్లిపురం మెకానిక్కు దాని బోనెట్టు తెరవగలడు, నాన్న కార్బురేటరు ఊడదీసి కడగగలడు. నా బండి రాత్రిళ్లు నేను పడుకున్నాక వాళ్ల కంప్యూటర్‌తో మాట్లాడుకుంటుంది. ఎంత వేగంగా చార్జ్ అవ్వాలో, యాప్ తెరుచుకోవాలో వద్దో అక్కడ నిర్ణయమవుతుంది. డబ్బంతా కట్టి, లోను కూడా తీరిపోయాక కూడా సగం తాళాలు ఆయన దగ్గరే ఉన్నాయి. ఇంటి ఓనరు నోరు మంచిది కాకపోయినా ఇల్లు బాగుందని ఎన్నాళ్లో సర్దుకోలేం, అద్దెకున్నవాళ్లకి తెలుస్తుంది.

అలాగని సర్వీసు సెంటరు మీద అరవలేను. మొన్న బ్రేక్ ఆయిలు మార్పించడానికి వెళ్తే అడ్వైజర్ కుర్రాడు, పాతికేళ్లుండవు, విజయనగరం నుంచి రోజూ వస్తాడు, బండి ఇస్తూ అడిగాడు: "సార్, ఫీడ్‌బ్యాక్ కాల్‌లో మాకు తక్కువ వేయకండి సార్. పైన గొడవలకి మా ఇన్సెంటివ్ కట్ అయిపోతంది." అతనికి పదికి పది వేశాను. కోపం పైవాడి మీద, దెబ్బ కిందవాడికి. బహిష్కరించండి అని నేను రాయలేకపోవడానికి సగం కారణం ఆ కుర్రాడే.

మిగతా సగం డబ్బు, దాచేదేముంది. ఇప్పుడు అమ్మకానికి పెడితే, కొన్నదాంట్లో మూడో వంతు చెప్పాడు మర్రిపాలెం బ్రోకరు. బ్యాటరీ వారంటీ ఇంకా నాలుగేళ్లుంది. మా ఆవిడైతే ఒక్క మాటలో తేల్చేసింది: "ఆయన మీద కోపానికి మనం బస్సెక్కాలేటి?"

కాబట్టి బండి ఉంచుకుంటున్నాను. మానేసినవి వేరే ఉన్నాయి. ఎక్స్‌టెండెడ్ వారంటీకి ఫోన్ చేస్తే వద్దన్నాను. ఎవరినైనా పరిచయం చేస్తే వచ్చే పాయింట్లు తీసుకోవడం లేదు. కొత్త మోడల్‌కి ముందు బుకింగ్ కట్టమని వచ్చిన మెసేజ్ తీసేశాను. మా అమ్మాయికి వచ్చే ఏడు కారు కావాలి, అది వేరే కంపెనీదే అవుతుంది, బహుశా కొంచెం తక్కువ రేంజ్ ఇచ్చేది. బండికి ఇప్పటికీ ఎనిమిది వేస్తాను. కంపెనీకి నాలుగు.

పోయిన ఆదివారం పై అంతస్తు ఆయన వచ్చారు. స్టీల్ ప్లాంట్‌లో రిటైరయ్యారు, పీఎఫ్ డబ్బుతో ఎలక్ట్రిక్ కారు చూస్తున్నారు. "మేస్టారూ, మీ బండి ఎలా ఉంది? అందరూ మిమ్మల్నే అడగమన్నారు" అన్నారు. ఇదివరకైతే కాఫీ ఇచ్చి గంటసేపు చెప్పేవాణ్ణి. తాళం చేతికిచ్చి, ఒకసారి రుషికొండ దాకా వెళ్లి రండి అన్నాను. నలభై నిమిషాలకి మొహం వెలిగిపోతూ తిరిగొచ్చారు.

"ఇంత బాగుందేటండీ! మరి తీసుకోమంటారా?"

తాళం తీసుకుని, టైర్ల ఖర్చు గురించి చెప్పడం మొదలుపెట్టాను.