పాత మినీ వ్యాన్ డోర్ లాకులతో పదకొండేళ్లు

మా మినీ వ్యాన్ 2006 మోడల్. 2013లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. ఇప్పటికి లక్షా తొంభై వేల మైళ్లు తిరిగింది. ఇంజను, గేర్‌బాక్స్ ఏనాడూ ఇబ్బంది పెట్టలేదు. మమ్మల్ని సతాయించిందల్లా డోర్ లాకులే. మేముండేది డాలస్ పక్కన ప్లేనోలో. ఇక్కడి ఎండలకీ ఈ లాకులకీ సంబంధం ఉంది.

మొదట మొండికేసింది ముందు కుడి తలుపు. పొద్దున రిమోట్ నొక్కితే అన్నీ టక్కున పడేవి. మధ్యాహ్నం ఆఫీసు పార్కింగ్‌లో నొక్కితే ఆ తలుపు లోపల సన్నగా ‘టిక్’మని చప్పుడొచ్చేది, అంతే, లాక్ పడేది కాదు. సాయంత్రం చల్లబడ్డాక మళ్లీ మామూలే. రిమోట్ బ్యాటరీ మార్చాను, ఫ్యూజులన్నీ పీకి చూశాను. నిజానికి మిగతా తలుపులు పనిచేస్తుంటే ఆ రెండింటి జోలికీ వెళ్లక్కర్లేదు. ఒక్క తలుపే మొరాయిస్తే జబ్బు ఆ తలుపులోనో, దానికి వెళ్లే వైరులోనో ఉంటుంది.

వర్క్‌షాప్‌లో అడిగితే 340 డాలర్లన్నారు. ఆన్‌లైన్‌లో 35 డాలర్లకి ఏదో కంపెనీ యాక్చుయేటర్ (తలుపు లోపల లాక్‌ని కదిలించే చిన్న మోటారు డబ్బా) తెప్పించి నేనే బిగించాను. పద్నాలుగు నెలలకి మళ్లీ అదే ‘టిక్’.

అప్పుడు, పారేయకుండా దాచిన పాత యాక్చుయేటర్‌ని విప్పి చూశాను. లోపల ఉన్నది బొటనవేలంత 12 వోల్టుల మోటారు, కొన్ని ప్లాస్టిక్ గేర్లు. గేర్ల పళ్లు కొత్తవాటిలా ఉన్నాయి, గ్రీజు కూడా ఆరలేదు. చెడింది మోటారొక్కటే. దాన్నీ విప్పితే బ్రష్‌లు (మోటారులో తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ ముక్కలు) అరిగి, చుట్టూ నల్లటి కార్బన్ పొడి పేరుకుపోయి ఉంది. ఇలాంటి చాలా మోటార్లలో, వేడెక్కితే కరెంటు తగ్గించేసే చిన్న బిళ్ల ఒకటి ఉంటుంది. లాక్ ఎక్కడైనా ఇరుక్కుపోతే మోటారు కాలిపోకుండా పెట్టిన రక్షణ అది. ఎండకి తలుపు ముందే కాగి ఉంటుంది కాబట్టి, అసలే బలం తగ్గిన మోటారుని ఆ బిళ్ల ఇంకాస్త తొందరగా ఆపేస్తుంది. మధ్యాహ్నం పడని లాక్ పొద్దున పడటంలో రహస్యం ఇదే.

అదే సైజు మోటారు ఆరు డాలర్లకి దొరికింది. పాతదాని ఇరుసు మీది చిన్న గేరుని జాగ్రత్తగా ఊడదీసి కొత్తదానికి ఎక్కించి, పాత డబ్బాలోనే పెట్టాను. 2017లో వేసిన ఆ మోటారు ఇప్పటికీ చక్కగా పనిచేస్తోంది. అందుకే గట్టిగా చెబుతున్నాను: చవక యాక్చుయేటర్ కొనకండి. ఓపికుంటే మోటారు మార్చుకోండి, లేదంటే బండి కంపెనీవాళ్ల అసలు పార్టే వేయించుకోండి.

కుడి స్లైడింగ్ డోర్ సంగతి మొదట కనిపెట్టింది మా అమ్మ. గుడి దగ్గర బండి దిగాక తలుపు లాగి చూసి, “ఒరేయ్, ఇది తాళం పడలేదురా” అంది. మా బండిలో ఆ తలుపుకి మూసి ఉన్నప్పుడే కరెంటు అందుతుంది. తలుపు పక్కనుండే బండి బాడీ స్తంభం మీద స్ప్రింగు పిన్నులు, తలుపు అంచున రాగి బిళ్లలు, రెండూ ఒకదానికొకటి తగలాలి. బిళ్లల మీద పచ్చటి చిలుము పట్టింది. సన్న గరుకు కాగితంతో రుద్ది, కాంటాక్ట్ క్లీనర్ కొట్టాను. పావుగంట పని. ఆరు నెలలకోసారి తుడిస్తే చాలు.

ఎక్కువ తిప్పలు పెట్టింది డ్రైవర్ తలుపు. సగం తెరిచి పట్టుకుంటే లాక్ పడుతుంది, మూస్తే పడదు. అప్పుడప్పుడూ అద్దం కూడా దిగేది కాదు. తలుపుకీ బాడీకీ మధ్య ఉండే రబ్బరు గొట్టాన్ని వెనక్కి లాగి, లోపలి వైర్లని ఒక్కొక్కటే పట్టుకుని మెల్లగా లాగాను. ఒకటి మాత్రం రబ్బరు బ్యాండులా సాగింది. పైన తొడుగు బాగానే ఉంది, లోపలి రాగి తెగిపోయింది! ఎన్నేళ్లుగానో రోజూ పదిసార్లు మడత పడిన చోటు అది. మడత దగ్గరే అతుకు వేస్తే మళ్లీ తెగుతుంది. అందుకని గొట్టానికి రెండువైపులా బయటికి వచ్చేంత పొడవు కొత్త మెత్తటి వైరు వేసి, అక్కడ టంకం పెట్టాను. మూడేళ్లయింది, మళ్లీ దాని ఊసే లేదు.

మొదటి తలుపుకి నాలుగు గంటలు పట్టింది, తర్వాత గంటన్నరలో అయిపోతోంది. తలుపులో ఎయిర్‌బ్యాగ్ సెన్సార్లు ఉండొచ్చు కాబట్టి ముందుగా బ్యాటరీ నెగటివ్ తీసి కాసేపు ఆగండి. చేతులకి గ్లవ్స్ తప్పనిసరి, లోపలి రేకు అంచులు కత్తుల్లా ఉంటాయి. తలుపు లోపలివైపు ప్యానెల్ వెనక ఉండే ప్లాస్టిక్ షీటుని మాత్రం మళ్లీ అంటించకుండా వదలొద్దు, వాన నీళ్లు కార్పెట్ మీదికి దిగుతాయి.

ఎడమ స్లైడింగ్ డోర్‌లో ఇంకా బండితో వచ్చిన మోటారే ఉంది. ఈ వేసవిలో అదీ నీరసంగా ‘టిక్’మంటోంది. కొత్త మోటారు వచ్చింది, శనివారం పొద్దున్నే ఎండెక్కకముందు విప్పాలి.