సిగరెట్ మాన్పించే మాట ఎక్కడ రాస్తే మేలు?

అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల చుట్టుపక్కల ఉండే పాన్ డబ్బాల దగ్గర పెట్టె కొనేవాళ్ల కంటే లూజు కొనేవాళ్లే ఎక్కువ. "అన్నా, ఒక లైట్స్" అనగానే డబ్బా ఆయన ఒకటి తీసి చేతిలో పెడతాడు. తాడుకు వేలాడే లైటర్‌తో ముట్టించుకుని కుర్రాళ్లు చాయ్ వైపు నడుస్తారు. పెట్టె లోపలే ఉండిపోతుంది. దాని మీదున్న క్యాన్సర్ ఫోటోను పొద్దస్తమానం చూసేది డబ్బా ఆయనే. ఆయనకు సిగరెట్ అలవాటు ఉందో లేదో!

పెట్టె మీద హెచ్చరికల మాట వస్తే మనం బొమ్మ ఎంత పెద్దగా ఉంది, ఎంత భయపెడుతోంది అన్న దగ్గరే ఆగిపోతాం. నిజానికి దారులు నాలుగున్నాయి: భయపెట్టే బొమ్మ, సాయానికి ఫోన్ నంబరు, పెట్టె లోపల చీటీ, సిగరెట్ మీదే రాత. మొదటి రెండూ మన దగ్గర ఉన్నాయి. తర్వాతి రెండూ కెనడాలో అమల్లో ఉన్నాయి.

బొమ్మను తీసిపారేయడానికి లేదు. 2009లో పెట్టె ముందు వైపు 40 శాతంతో మొదలై, 2016 ఏప్రిల్ 1 నుంచి రెండు వైపులా 85 శాతం అయింది. 2016-17లో దేశమంతా చేసిన పొగాకు సర్వేలో, హెచ్చరిక చూసి మానేయాలని అనుకున్నామని సిగరెట్ తాగేవాళ్లలో 62 శాతం మంది చెప్పారు. అనుకోవడం వేరు, మానడం వేరు. కానీ ఆ అనుకోవడమైనా చిన్న విషయం కాదు. పైగా బొమ్మ చేసే ఇంకో పని ఉంది, దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. అది పెట్టె అందాన్ని చంపేస్తుంది. ఆజామాబాద్‌లో వీఎస్టీ సిగరెట్ కంపెనీ ఉన్న ఊరు మన హైదరాబాద్. ఆ కంపెనీ చార్మినార్ సిగరెట్ పెట్టె మీద మన చార్మినారే ఉండేది! అలాంటి షోకులకు ఇప్పుడు మిగిలింది 15 శాతం జాగా. ఆస్ట్రేలియా 2012 డిసెంబర్‌లో ఆ కాస్త కూడా లేకుండా చేసింది. అక్కడ అన్ని బ్రాండ్లదీ ఒకే మురికి రంగు పెట్టె.

బొమ్మతో చిక్కు రెండు చోట్ల వస్తుంది. మన నిబంధన ప్రకారం ఏడాది పాటు అదే బొమ్మ నడుస్తుంది. రోజూ పెట్టె కొనేవాడికి పదిహేను రోజుల్లో కన్ను అలవాటు పడుతుంది. రెండోది, భయపెట్టి వదిలేస్తే మనిషి భయాన్ని వదిలించుకుంటాడే గానీ సిగరెట్‌ను కాదు. "మా తాత తొంభై ఏళ్లు చుట్ట తాగాడు" అనే మాట పుట్టేది అక్కడే. భయం పక్కనే "ఇదిగో, ఇలా బయటపడొచ్చు" అని కూడా ఉండాలి.

అందుకే 2018 సెప్టెంబర్ నుంచి పెట్టె మీదికి వచ్చిన 1800-11-2356 నంబరుకు నా దగ్గర విలువ ఎక్కువ. కాల్ ఉచితం. అటు వైపు ఉండేది కౌన్సెలర్. మానే తేదీ పెట్టిస్తారు, తర్వాత ఎలా ఉన్నావని మళ్లీ ఫోన్ చేస్తారు. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్‌హాన్స్‌లో దక్షిణాది భాషల కోసం కేంద్రం ఉంది, కాబట్టి భాష టెన్షన్ కూడా అక్కర్లేదు. ఇంత మంచి ఏర్పాటు కూడా లూజు కొనే కుర్రాడికి కనబడని పెట్టె మీదే ఉంది.

చీటీ సంగతి వేరు. హైటెక్ సిటీ నైట్ షిఫ్టుల్లో రోజుకో పెట్టె ఊదేసేవాళ్లకు అది బాగా పనికొస్తుంది. కెనడా 2000ల మొదటి నుంచే పెట్టె లోపల మానే చిట్కాలు పెట్టిస్తోంది. నన్ను రాయమంటే ఇలా రాస్తాను: లాగే కోరిక వస్తే కొద్ది నిమిషాలు ఓర్చుకో, అదే తగ్గుతుంది. మొదటి వారం కష్టం, తర్వాత తేలిక. ఏడాది మానితే గుండెజబ్బు ముప్పు తాగేవాడితో పోలిస్తే సగానికి వస్తుంది. ఒక్కోటి 20 రూపాయలనుకున్నా రోజుకు ఐదంటే ఏడాదికి 36,500. ఈ చివరి లెక్క దగ్గర మనవాళ్లు కాసేపు ఆగుతారని నా నమ్మకం. కాకపోతే చీటీ చదవాలంటే తెలుగులో, ఉర్దూలో కూడా ఉండాలి, చదివే ఓపికా ఉండాలి. లేకపోతే లోపలి రేకు కాగితంతో పాటు అదీ రోడ్డు మీదే.

ఇక సిగరెట్ మీద రాత. 2023 ఆగస్టు 1న కెనడాలో ఈ నిబంధన అమల్లోకి వచ్చింది. ఫిల్టర్ దగ్గర చిన్న అక్షరాల్లో "ప్రతి దమ్ములోనూ విషం" లాంటి మాటలు ఉంటాయి. హైదరాబాద్‌కు నేను వేసే ఓటు దీనికే. పెట్టెతో కొన్నా, ఒక్కటి కొన్నా, దోస్తు దగ్గర సగం లాగినా ఆ రాత వేళ్ల మధ్యకు వస్తుంది. మాటకు బదులు ఆ నంబరే అచ్చు వేస్తే ఇంకా మేలు.

లూజు అమ్మకమే ఆపేస్తే సరిపోదా అంటారు. మహారాష్ట్ర 2020లో నిషేధించింది కూడా. అయితే నిషేధం పెడితే జరిమానా కట్టేది డబ్బా ఆయన. సిగరెట్ మీద అచ్చు వేయాలంటే ఆ బాధ్యత తయారుచేసే కంపెనీది. నాకు రెండోదే న్యాయంగా కనిపిస్తుంది.

బీడీ దగ్గర మాత్రం నా ఓటు చెల్లదు, తునికాకు మీద ఏం అచ్చు వేస్తాం? అడ్డా కూలీలు, ఆటోవాళ్లు చాలామంది బీడీలు కట్టగానే కొంటారు, జేబులో పెట్టుకుంటారు. అదే సర్వేలో బీడీ తాగేవాళ్లలో కూడా 54 శాతం మంది హెచ్చరిక చూసి మానాలనుకున్నామన్నారు. అక్కడ బొమ్మే ఉండాలి, దాని కింద నంబరు ఇంకాస్త పెద్దగా ఉండాలి.