యూరప్ కాంట్రాక్టులో ఏ కోర్టు పేరు రాస్తే మేలు?

గొడవొస్తే ఏ దేశం కోర్టుకెళ్లాలి? కాంట్రాక్టులో ధర దగ్గర పదిసార్లు బేరమాడేవాళ్లు కూడా ఈ లైను మాత్రం పాత కాగితంలోంచి దించేస్తారు.

ఇద్దరూ ఈయూ (యూరోపియన్ యూనియన్) దేశాలవాళ్లే అయితే ఈయూ దేశపు కోర్టు రాసుకోవడమే మేలు. ఎందుకో గాసర్ కేసు చూస్తే తెలుస్తుంది. ఆస్ట్రియాకు చెందిన గాసర్, ఇటలీలోని మిసాట్‌కి పిల్లల బట్టలు అమ్మేది. ఇన్‌వాయిస్‌ల మీద ఆస్ట్రియా కోర్టు అనే ఉండేది. తేడాలొచ్చాక 2000 ఏప్రిల్‌లో మిసాటే ముందు రోమ్‌లో కేసు వేసేసింది. గాసర్ డిసెంబరులో ఆస్ట్రియాలో వేసింది. రోమ్ సంగతి తేలేదాకా ఆస్ట్రియా కోర్టు ఆగాల్సిందేనని, అక్కడ కేసులు ఎంత నత్తనడక నడిచినా సరేనని 2003లో ఈయూ న్యాయస్థానం తేల్చింది. బాకీ ఎగ్గొట్టేవాళ్లకి ఇంకేం కావాలి! నత్తనడక కోర్టులో ముందే కేసు వేసి కాలం గడిపే ఈ ఎత్తుకి లాయర్లు ‘ఇటాలియన్ టార్పెడో’ అని పేరు కూడా పెట్టారు. 2015 జనవరి 10 నుంచి వర్తిస్తున్న కొత్త బ్రస్సెల్స్ నిబంధనలు (ఏ కోర్టు కేసు వినాలి, తీర్పు ఇతర ఈయూ దేశాల్లో ఎలా అమలవ్వాలి అని చెప్పే ఈయూ నియమాలు) దీనికి అడ్డుకట్ట వేశాయి. ‘ఈ కోర్టు మాత్రమే’ అని రాసుకుని అక్కడ కేసు వేస్తే, మిగతా ఈయూ దేశాల కోర్టులే ఆగాలి.

స్విట్జర్లాండ్, నార్వే, ఐస్‌లాండ్‌లతో ఈయూకి అలాంటి నియమాలతోనే 2007 నాటి లుగానో ఒప్పందం ఉంది. తీర్పు అమలుకి ఇబ్బంది లేదు గానీ, టార్పెడోకి వేసిన ఆ అడ్డుకట్ట అందులోకి ఎక్కలేదు.

లండన్ సంగతి వేరు. బ్రెగ్జిట్‌తో, 2020 చివరి నుంచి బ్రిటన్‌కి బ్రస్సెల్స్ నిబంధనలు పోయాయి. లుగానోలో చేరతామంటే 2021లో యూరోపియన్ కమిషన్ ఒప్పుకోలేదు. చేతిలో మిగిలింది 2005 హేగ్ ఒప్పందం, అంటే కాంట్రాక్టులో రాసుకున్న కోర్టునీ దాని తీర్పునీ ఇతర దేశాలు గుర్తించాలనే అంతర్జాతీయ ఒప్పందం. అది ‘ఆ కోర్టు మాత్రమే’ అన్న క్లాజులకే పనికొస్తుంది. ‘నువ్వు లండన్‌లోనే వేయాలి, నేను ఎక్కడైనా వేస్తా’ అని బ్యాంకులు రాయించుకునే క్లాజులు దాని కిందికి రావనే వాదనే బలంగా ఉంది. 2025 జులై 1 నుంచి బ్రిటన్‌లో విదేశీ తీర్పుల అమలుకి సంబంధించిన 2019 హేగ్ ఒప్పందం కూడా అమల్లోకొచ్చింది కాబట్టి ఆ లోటు కొంత తీరుతుంది, అదీ ఆ తర్వాత వేసిన కేసులకే. ఆస్తులు ఈయూలో ఉన్నవాడితో లండన్ రాసుకోవాలంటే, ‘మాత్రమే’ అన్న మాట వదలొద్దు.

అవతలివాడి ఆస్తులు హైదరాబాద్‌లో ఉంటే మాత్రం లెక్క తిరగబడుతుంది. భారత్ ఈ ఒప్పందాల్లో దేనిలోనూ లేదు. అయినా ఇంగ్లండ్ హైకోర్టు డబ్బు తీర్పిస్తే, సివిల్ ప్రొసీజర్ కోడ్ 44ఎ సెక్షన్ కింద నేరుగా ఇక్కడి జిల్లా కోర్టులో అమలుకి పెట్టొచ్చు. జర్మనీ, ఫ్రాన్స్ తీర్పులకి ఆ సౌకర్యం లేదు, వాటి ఆధారంగా ఇక్కడ మళ్లీ దావా వేసుకోవాల్సిందే.