ట్రిమ్మర్ మెషిన్: మూడేళ్ల వాడకం తర్వాత

ఉలి, చిత్రిక, రంపం చేతికి బాగా పట్టుబడిన వడ్రంగి ముందుగా ఏ కరెంటు మెషిన్ కొనాలంటే, ట్రిమ్మరే అంటాను. చెక్కలో గాడులు తీసే, అంచులు చెక్కే చిన్న చేతి మెషిన్ అది: పావు అంగుళం కాడ ఉన్న బిట్టు (తిరుగుతూ కోసే పనిముట్టు) పడుతుంది, నిమిషానికి 30,000 చుట్లు తిరుగుతుంది. కోనసీమలో గుమ్మాలు, తలుపులు, కిటికీల పని మీద మూడేళ్లుగా వాడుతున్నాను.

అసలు లాభం తలుపు బందుల రేకు కూర్చునే గాడి దగ్గర. ఉలితో తీసిన గాడి లోతు ఒక చివర నూలు తేడా వచ్చినా తలుపు బిగుసుకుంటుంది. ట్రిమ్మర్‌తో అడుగంతా ఒకే లోతు వస్తుంది. టెంప్లేట్ (గాడి ఆకారం కోసిన, చెక్క మీద బిగించే అచ్చు) ప్లైవుడ్‌తో చేసుకోండి. బిట్టు మాత్రం కోసే భాగానికి పైన బేరింగ్ (టెంప్లేట్ అంచుకు ఆనుకుని నడిచే చక్రం) ఉన్నదే కావాలి, కోసే భాగం 12 మి.మీ. మించకూడదు. చాలామంది 25 మి.మీ. బిట్టు కొని ఇక్కడే దెబ్బతింటారు. 18 మి.మీ. టెంప్లేట్, 3 మి.మీ. బందు రేకు అనుకుంటే బిట్టు దిగేది మొత్తం 21. పొడవు బిట్టైతే బేరింగ్ టెంప్లేట్‌కంటే పైనే ఉండిపోతుంది, ఆనుకోవడానికి ఏమీ దొరక్క బిట్టు టెంప్లేట్‌నే తినేస్తుంది. లోతుకు స్కేలు అక్కర్లేదు. టెంప్లేట్ ముక్క మీద బందు రేకు పెట్టి, ఆ రెండింటి మందమంత బిట్టు దించితే సరి. మూలలు గుండ్రంగా మిగులుతాయి, అవి ఉలితోనే తెగాలి.

పలక అంచు మన వైపు ఉంటే మెషిన్ ఎడమ నుంచి కుడికి నడవాలి. తిరగేసి నడిపితే బిట్టు చెక్కను పట్టుకుని చేతిలోంచి లాక్కుపోతుంది. అడ్డుకోత వైపు (నారకు అడ్డంగా ఉన్న అంచు) ముందు, నిలువు అంచులు తర్వాత తియ్యండి. మూల దగ్గర పెచ్చు లేచినా నిలువు అంచు తీసేటప్పుడు అది పోతుంది.

ఒక్కసారికి టేకులో 3 మి.మీ., నల్లమద్దిలో 2 మి.మీ. చాలు. ఇంకా లోతుకు దించితే బిట్టు వేడెక్కి చెక్క నల్లగా మాడుతుంది. ఒకచోట ఆపి నిలబెట్టినా అంతే. టేకులో సిలికా ఉంటుంది కాబట్టి మామూలు స్టీలు బిట్లు త్వరగా మొద్దుబారతాయి, కార్బైడ్ మొన ఉన్నవే కొనండి. పళ్లకు పట్టిన జిగురు కిరసనాయిల్లో నానబెట్టి బ్రష్‌తో తోమితే పోతుంది. కానీ ముందు బేరింగ్ విప్పాలి, లేకపోతే దానిలో గ్రీజు కరిగిపోతుంది. తాటి దూలం మీదకు మాత్రం దీన్ని తేవద్దు: నార లేచిపోతుంది, పదును పోతుంది.

బిట్టును కొలెట్‌లో (బిట్టు కాడను పట్టి బిగించే గొట్టం) అడుగంటా దూర్చి, 2 మి.మీ. వెనక్కి లాగి బిగించాలి. అడుగుకు ఆనించి బిగిస్తే పట్టు చాలదు, పని మధ్యలో బిట్టు జారి గాడి లోతైపోతుంది. మన డెల్టా తేమకు, ముఖ్యంగా జూలై నుంచి, కొలెట్ లోపల సన్నటి తుప్పు పడుతుంది. వారానికోసారి విప్పి పొడిగుడ్డతో తుడవండి. లోపల నూనె రాయకండి, దానివల్ల కూడా బిట్టు జారుతుంది.

పలకల తలుపుకు 8 మి.మీ. వెడల్పు, 12 మి.మీ. లోతు గాడి నాలుగు విడతల్లో తీస్తే ఈ మెషిన్ సునాయాసంగా లాగేస్తుంది. వానల్లో చెక్క ఉబ్బుతుంది కాబట్టి, 300 మి.మీ. వెడల్పు టేకు పలకకు మే నెలలో అయితే పక్కకు 3 మి.మీ. ఖాళీ వదలండి, శ్రావణంలో బిగిస్తే 1 మి.మీ. చాలు. ఫెవికాల్ గాడిలోకి పోకూడదు, పలక అంచులకు పాలిష్ ముందే కొట్టాలి. లేకుంటే ఎండాకాలం చెక్క కుదించుకున్నప్పుడు పాలిష్ లేని తెల్లగీత బయటపడుతుంది.

రెండంగుళాల లోతు బెజ్జాలకు, అంగుళంకంటే పెద్ద బిట్లకు ఇది పనికిరాదు. శబ్దం ఎక్కువ, టేకు పొడి ఊపిరికి, ఒంటికి పడదు: మాస్కు లేకుండా ముట్టుకోకండి. మోటారుకు కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు ఒక జత పెట్టెలో ఉంచుకోండి, ఆరు మి.మీ.కి అరిగాక మార్చేయండి, నిప్పురవ్వలు కనిపించేదాకా ఆగొద్దు.