పలాస జీడిపప్పు పక్కన సులా లేట్ హార్వెస్ట్ వైన్

నాసిక్ సులా వైన్ కంపెనీ వాళ్ల లేట్ హార్వెస్ట్ (ఆలస్యంగా కోసిన ద్రాక్షతో చేసిన) షెనిన్ బ్లాంక్‌ను డెజర్ట్ వైన్ అంటారు కాబట్టి, భోజనం అయ్యాక మిఠాయితో తాగాలనుకోవడం సహజం. మన శ్రీకాకుళం, విజయనగరం మిఠాయిల దగ్గర ఆ లెక్క తప్పుతుంది. అరిసె తిని ఒక గుక్క తాగి చూడండి: వైన్ తీపి ఎటు పోయిందో తెలీదు, పుల్లగా, పలచగా తగులుతుంది. బెల్లం తీపి ముందు వైన్ తీపి ఆగదు. భీమాళి మామిడి తాండ్రతోనూ అంతే.

ఈ వైన్ చోటు భోజనానికి ముందు, ఉప్పగా కాస్త కారంగా నంజుకునేవాటి పక్కన.

ద్రాక్షను మామూలు కోత అయ్యాక కూడా తీగ మీదే ఉంచితే కాయలో నీరు తగ్గి చక్కెర చిక్కబడుతుంది, పులుపు మాత్రం తగ్గుతూ పోతుంది. షెనిన్ బ్లాంక్ పుట్టుకతోనే పులుపున్న ద్రాక్ష రకం, అందుకే ఇంత పండినా వైన్ పానకంలా మొహం మొత్తదు. తేనె, పండిన మామిడి వాసనలు బాగా తెలుస్తాయి.

జోడీల్లో మొదటి మార్కు పలాస జీడిపప్పుకే. 100 గ్రాములకి ఒక చెంచా నెయ్యి, అర చెంచాకి కాస్త తక్కువ ఉప్పు, పావు చెంచా మిరియాల పొడి. ఖరీదైన గుండు పప్పు అక్కర్లేదు, బద్ద చాలు. చదునుగా ఉన్న వైపు ఉప్పు బాగా పడుతుంది. సన్నసెగ మీద ఆరేడు నిమిషాలు కలుపుతూ వేయించి, కావలసిన రంగుకి పిసరంత ముందే దించి పళ్లెంలో పరచాలి. మూకుట్లో వదిలేస్తే ఆ వేడికే మాడుతుంది, తీపి వైన్ పక్కన ఆ చేదు కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. ఉప్పు, మిరియాలు వేడి మీదే చల్లాలి. ఫ్రాన్స్‌లో సోటెర్న్ అనే తీపి వైన్‌కి ఉప్పటి రోక్‌ఫోర్ట్ చీజ్ చేసే పనే ఇక్కడ జీడిపప్పు చేస్తుంది: కొవ్వు నాలుకకి పడుతుంది, వైన్ పులుపు దాన్ని కడుగుతుంది, ఉప్పు తీపిని నిలబెడుతుంది.

రొయ్యల వేపుడు రెండోది. పావుకిలోకి అర చెంచా కారం మించొద్దు. తీపి కారాన్ని కొంత అణుస్తుంది గానీ, కారం ఎక్కువైతే ఆల్కహాల్ మంటను రెట్టిస్తుంది. లవంగం, చెక్క వేస్తే వైన్ వాసన అక్కడితో సరి. కరివేపాకు, వెల్లుల్లి చాలు.

చేపల పులుసు వద్దు. చింతపండు పులుపు ముందు వైన్ చప్పబడి ఒట్టి తీపి నీళ్లవుతుంది. ఆవపెట్టిన పనసపొట్టు కూర ఎంత ఇష్టమైనా దీనితో కుదరదు, ఆవఘాటు ముక్కుకెక్కాక ఇంకే వాసనా తెలియదు. ఆవ మానేసి జీడిపప్పు వేసి వండితే మాత్రం బాగుంటుంది.

వైన్ 8 నుంచి 10 డిగ్రీల మధ్య ఉండాలి. ఫ్రిజ్‌లో మూడు గంటలు పెట్టి, తీశాక పది నిమిషాలు ఆగండి. మరీ చల్లగా ఉంటే వాసన రాదు, వెచ్చబడితే ఆల్కహాలే ముక్కుకి తగులుతుంది. మనిషికి 60 మి.లీ. చాలు. మూతి సన్నగా ఉన్న చిన్న గాజు గ్లాసు వాడండి.

కొనేటప్పుడు సీసాని వెలుతురుకి పట్టి చూడండి. లేత బంగారు రంగుంటే మంచిది. టీ డికాక్షన్‌లా గోధుమరంగుకి తిరిగినా, మూత ఉబ్బినా, అంచున జిగటగా కారినా అది ఎండలో మగ్గిన సరుకు, తీసుకోవద్దు. మన కోస్తా వేసవిలో ఏసీ లేని కొట్లో పై అరల్లో ఉన్నవాటికి ఈ గతి తొందరగా పడుతుంది. తెరిచాక మిగిలితే మూత బిగించి ఫ్రిజ్‌లో నిలబెట్టండి, నాలుగైదు రోజుల్లో అవగొట్టాలి.