రాయగడలో వాడిన కాంపౌండ్ విల్లు కొంటున్నారా? ముందు పై లింబ్ (లాగితే వంగే పై భాగం) మీది స్టిక్కర్ పీకి చూడండి

మా అమ్మాయికి విల్లు అమ్మినాయన దగ్గరికి నిన్న సాయంత్రం వెళ్ళి వచ్చాను. రాత్రంతా నిద్ర లేదు. కోపం తగ్గాక రాద్దామనుకుంటే, ఈలోపు ఇంకెవరి పిల్లకో ఏమవుతుందోనని ఇప్పుడే రాస్తున్నాను.

పేరు పెట్టి చెప్పను. కాంపౌండ్ విల్లు, అదే చివర్లలో చక్రాలుండే విల్లు, కొనాలన్నా, నేర్చుకోవాలన్నా మా ఒడిశా రాయగడలో ఎవరి దగ్గరికి పంపిస్తారో ఇక్కడి తెలుగువాళ్ళందరికీ తెలుసు. గుణుపురం నుంచి, పార్వతీపురం నుంచి కూడా పిల్లల్ని తెస్తున్నారు. నేనూ అలాగే వెళ్ళాను.

మా అమ్మాయికి 14 ఏళ్ళు. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ కాంపౌండ్ విల్లుతో మూడు బంగారు పతకాలు గెలిచినప్పటి నుంచి దానికి ఇదే ధ్యాస. ఏడాదిగా బడిలో వెదురు విల్లుతో వేస్తోంది. "వెదురుతో ఎన్నాళ్ళమ్మా, 2028 ఒలింపిక్స్‌లోకి కాంపౌండ్ వస్తోంది, ఇప్పుడే మొదలెట్టాలి" అన్నారాయన. వచ్చేది మిక్స్‌డ్ టీమ్ పోటీ ఒక్కటేనని నాకు తర్వాత తెలిసింది. చీటీ డబ్బులు ఎత్తి, వాడిన విల్లుకి 36,000, పది రోజుల శిక్షణకి 4,000 కట్టాను. రసీదు అడిగితే "మనలో మనకి రసీదులేంటమ్మా" అన్నారు. పరాయి రాష్ట్రంలో ఉంటున్నవాళ్ళం కదా, తెలుగులో ఆ ఒక్క మాట వినేసరికి నోరు కట్టేసినట్టయింది.

ఆ పది రోజుల్లో ఆయన నేర్పిందేమిటో ఇప్పుడు లెక్క వేసుకుంటే ఒళ్ళు మండుతోంది. పిల్ల చేతుల చాపు కొలవలేదు. రెండు చేతులూ బార్లా చాపి, ఆ కొలతని రెండున్నరతో భాగిస్తే ఎంత పొడవుకి లాగాలో ఉజ్జాయింపుగా తెలుస్తుంది. మా పిల్ల చాపు 155 సెంటీమీటర్లు, అంటే దాదాపు 24 అంగుళాల లాగుడు. ఆయన ఇచ్చిన విల్లు 28కి పెట్టి ఉంది. వెదురు విల్లయితే ఎంత లాగగలిగితే అంతే లాగి వదలొచ్చు. కాంపౌండ్‌లో క్యామ్, అంటే చివర ఉండే ఆ చక్రం, తిరిగి ఆగేచోటే ఆగాలి. పొడవు ఎక్కువైతే పిల్ల నడుము వెనక్కి విరిచి, విల్లు పట్టిన చెయ్యి బిగదీసి లాగుతుంది. తాడు వచ్చి ముంజేతిని కొడుతుంది. మూడో రోజుకే ఎడమ చెయ్యి నల్లగా కమిలిపోయింది. అడిగితే "ఎదిగే పిల్ల కదా, సరిపోతుంది" అన్నారు.

లాగే బరువు కూడా అంతే. 45 పౌండ్లు. ఆ వయసు ఆడపిల్ల కొత్తగా పట్టుకునేటప్పుడు 20, 25 చాలని ఇప్పుడు అందరూ చెబుతున్నారు. "చివర్లో తేలికైపోతుందమ్మా" అని ఆయన ధైర్యం చెప్పారు. తేలికవుతుంది, నిజమే. 80 శాతం తగ్గే విల్లయితే పూర్తిగా లాగాక చేతిలో ఉండేది 9 పౌండ్లే. కానీ అక్కడికి చేరాలంటే ముందు ఆ 45 దాటాలి. లాగాక బాణం వేయకుండా దించాలంటే అదే బరువు ఒక్కసారిగా ముందుకు ఈడ్చేస్తుంది. దించడం ఎలాగో పది రోజుల్లో ఒక్కసారి కూడా చూపించలేదు. తాడు వదిలే ట్రిగ్గర్ మీద వేలు పెట్టకుండా, దాని వెనకే ఉంచి లాగాలని కూడా చెప్పలేదు. ఇవన్నీ నేను విశాఖపట్నం వెళ్ళి నేర్చుకున్నాను, అయ్యేది అయ్యాక.

మొన్న ఆదివారం పొద్దున్న, పది మీటర్ల దూరంలో, మూడో బాణం. ఫట్‌మని శబ్దం. తాడు క్యామ్ మీద నుంచి ఊడిపోయింది, పై లింబ్ చీలింది, ఒక ముక్క ఎగిరి పిల్ల చెంప మీద తగిలింది. కంటికి రెండు వేళ్ళ దూరం. రెండు కుట్లు పడ్డాయి. ఆ రెండు వేళ్ళే కళ్ళ ముందు తిరుగుతున్నాయి నాకు.

విశాఖలో విల్లు ప్రెస్, అంటే లింబ్‌లని నొక్కి పట్టే యంత్రం, ఉన్న ఒకాయన దగ్గరికి పట్టుకెళ్ళాను. ఈ విల్లు తాళ్ళు, క్యామ్‌లు ఆ ప్రెస్ లేకుండా విప్పకూడదు. ఆయన విప్పి, పై లింబ్ చివర ఉన్న కంపెనీ స్టిక్కర్ మెల్లగా పీకారు. దాని కింద మొదలైన సన్నటి పగులు చీలిక దాకా సాగి ఉంది. ఆ పగులు లోపల మురికి పట్టేసి ఉంది. క్యామ్ కాస్త వంగి ఉంది. "ఇది మొన్నటిది కాదమ్మా, ఎప్పుడో డ్రై ఫైర్ అయిన విల్లు" అన్నారు. అంటే బాణం పెట్టకుండా తాడు వదిలేయడం. బాణం మోసుకుపోవాల్సిన శక్తంతా తిరిగి విల్లునే కొడుతుంది. అప్పటికి బయటికి ఏమీ కనబడకపోయినా, లింబ్‌లో పగులు మొదలై ఉండొచ్చు.

ఆ స్టిక్కర్ గురించి మా పిల్ల మొదటి రోజే అడిగింది. "కింద దానికి లేదు, పై దానికే ఎందుకుందమ్మా? అదీ వంకరగా ఉంది" అంది. "సార్ ఇచ్చిన వస్తువుకి వంకలు పెట్టకు, ఊరుకో" అని నేనే కసిరాను. ఆ మాట నేను ఎందుకన్నానో. దానికి కనబడింది నాకు కనబడలేదు.

ఇక నిన్నటి సంగతి. విల్లు గోనెసంచిలో వేసుకుని వెళ్ళాను. ఆయన బయటికి తీసి పట్టుకున్నారు. నేను ఇంకా నోరు తెరవలేదు, ఫలానా చోట అని చూపించలేదు. ఆయన బొటనవేలు తిన్నగా వెళ్ళి, స్టిక్కర్ ఉన్న చోట, ఆ పగులు మొదలు మీద ఆగింది. అక్కడ రుద్ది చూసుకున్నారు. అంతే, నాకు అర్థమైపోయింది. ఎక్కడుందో ఆయనకి ముందే తెలుసు. తెలిసే స్టిక్కర్ అంటించి నా పిల్ల చేతిలో పెట్టారు.

"మీ పిల్ల బాణం లేకుండా వదిలి ఉంటుంది" అన్నారు. ఆ రోజు తాడు మీదున్న మూడో బాణం విరిగిన రెండు ముక్కలూ బల్ల మీద పెట్టాను. చూడలేదు. పిల్లకి ఎలా ఉందని అడగలేదు. పక్కన ఒకతను కొడుకుని చేర్పించడానికి వచ్చి కూర్చున్నాడు. ఆయన అటు తిరిగి ఒడియాలో "ఎమానే ధను ధరి జాణంతి నాహి" అన్నారు. వీళ్ళకి విల్లు పట్టుకోవడం రాదు, అని. నేను పుట్టింది ఈ ఊళ్ళోనే, చదివింది ఒడియా బళ్ళోనే, అది ఆయనకి తెలుసు. నాకు అర్థమవుతుందని తెలిసే అన్నారు. డబ్బు తీసుకునేటప్పుడు "మనలో మనం", కుట్లు పడి వస్తే "వీళ్ళు". ముప్పై ఆరు వేలు పోయినందుకు కాదు, ఆ మాటకి ఏడుపొచ్చింది. అక్కడ ఏడవలేదు, ఆటోలో ఏడ్చాను.

ఆ కొత్తగా వచ్చినతనికి ఒడియాలోనే అంతా చెప్పి, స్టిక్కర్ చూపించి వచ్చాను. కొడుకుని తీసుకుని వెళ్ళిపోయాడు. వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేస్తాను. రసీదు లేదు, ఫోన్‌లో పంపిన డబ్బుల వివరం మాత్రం ఉంది.

వాడిన విల్లు కొనేవాళ్ళు ఇంత చెయ్యండి. స్టిక్కర్లూ టేపులూ అన్నీ పీకించండి. దూది ఉండ తీసుకుని రెండు లింబ్‌ల మీదా అంచుల దాకా మెల్లగా రాయండి. పోగులు ఎక్కడైనా చిక్కుకుంటే అక్కడ పగులు ఉండొచ్చు. అలాంటి విల్లు లాగకండి. కార్బన్ బాణాల్ని కూడా ప్రతిసారీ వేసే ముందు రెండు చివరలూ పట్టుకుని కొద్దిగా వంచుతూ తిప్పండి, చిటపట శబ్దం వస్తే విరిచి పారేయండి. చీలిన బాణం వేస్తే చేతిలోనే పగిలి గుచ్చుకోవచ్చు. రసీదు తప్పకుండా తీసుకోండి.

ఈ రెండు మూడు నెలల్లో ఆయన దగ్గర నల్లరంగు వాడిన విల్లు కొన్నవాళ్ళు ఎవరైనా ఉంటే, దయచేసి ఈ రోజు పిల్లల చేతికి ఇవ్వకండి. ముందు పై లింబ్ చివర చూడండి. వంకర స్టిక్కర్ ఉంటే ఫొటో తీసి నాకు పంపండి, ఫిర్యాదులో మీదీ కలుపుతాను.