ఆరేళ్లు వాడిన షీషం డైనింగ్ సెట్: టేబుల్ భేష్, కుర్చీలు వద్దు

విశాఖలో, సముద్రపు గాలి నేరుగా కొట్టే ఇల్లు మాది. జోధ్‌పూర్‌లో తయారైన ఆరు కుర్చీల షీషం సెట్ ఆన్‌లైన్‌లో కొన్నాం, ఆరేళ్లు దాటింది. టేబుల్‌కి పూర్తి మార్కులు వేస్తా, కుర్చీలకి సగం కూడా వేయను. రెండిటికీ వాడింది ఒకే జాతి కర్ర, తేడా అంతా ఏ ముక్క ఏరారు, ఎలా బిగించారు అన్నదాంట్లోనే ఉంది.

టేబుల్ కిందకి దూరి చూస్తే పైపలకని పట్టుకున్న స్క్రూలు గుండ్రటి రంధ్రాల్లో కాదు, పొడవాటి గాడుల్లో ఉంటాయి. కర్ర తేమకి అడ్డంగా ఉబ్బుతుంది, ఎండకి ముడుచుకుంటుంది, పొడవు మాత్రం దాదాపు మారదు. ఆ కదలికకి చోటిచ్చారు కాబట్టే పలక ఇప్పటికీ ఎక్కడా పగల్లేదు. రెండు చివర్లా అడ్డపట్టీలున్నాయి, వానాకాలంలో ఆ అతుకు మీద వేలు పెట్టి రాస్తే పలక అంచు పట్టీని దాటి కాస్త బయటికొచ్చినట్టు తగులుతుంది, సంక్రాంతికల్లా మళ్లీ సమానమైపోతుంది. అసలైన కర్ర అలాగే ఉంటుంది, అది చూసి కంగారుపడి రిటర్న్ పెట్టకండి.

కుర్చీల సంగతి వేరు. వెనక కాళ్లలో చేవ (మాను మధ్యలోని ముదురు గట్టి కర్ర) బదులు తెల్ల చెక్క (బెరడు కిందుండే లేత కర్ర) వేసి, పైన ముదురు వాల్‌నట్ రంగు కొట్టారు, ఇక కొనేటప్పుడు ఎవరికి తెలుస్తుంది? కొన్నాళ్లకి కాళ్ల దగ్గర టైల్ మీద టాల్కం పౌడర్‌లాంటి పొడి, కర్రకి గుండుసూది మొనంత చిల్లులు. ఇది కర్ర తొలిచే పుచ్చుపురుగు పని, దానికి పిండిపదార్థం ఉండే తెల్ల చెక్కే తిండి, చేవ జోలికి సాధారణంగా రాదు. అమ్మినవాళ్లు వారంటీ అయిపోయిందన్నారు. మా వడ్రంగి సిరంజితో ఒక్కో చిల్లులోకీ మందు ఎక్కించి మైనంతో మూసేశాడు, తర్వాత పొడి రాలలేదు. పైగా కాళ్లకి గాడిలో దిగే అతుకే లేదు, ఉత్త బోల్టు మీద నిలబడ్డాయి. ఎవరైనా వెనక్కి వాలి కూర్చుంటే చాలు, వారం తిరక్కుండా కిర్రుమంటాయి, బోల్టు బిగించే అలెన్ కీ వెతుక్కోవాలి. బోల్టు తలలు ఎప్పుడో తుప్పుపట్టాయి.

పాలిష్ ఫర్వాలేదు. వేడి అన్నం గిన్నె నేరుగా పెడితే తెల్ల మచ్చ పడుతుంది గానీ అది పై పొరలో చిక్కుకున్న తేమే, కర్రకేం కాదు.

కొనేవాళ్లు అడుగుభాగం ఫొటో, రంగు వేయని ముక్క ఫొటో గట్టిగా అడగండి. పంపకపోతే వదిలేయండి. నేనైతే ఈ టేబుల్‌నే ఉంచుకుని, కుర్చీలు గాడి అతుకులతో టేకు చేవలో చేయిస్తున్నా, రెండు వచ్చేశాయి.